ముప్పై ఆరు అంగుళాల కుక్క

ఫరీజ్ బిన్ మహమూద్, దోహా
5 నవంబరు 2025

విజయవాడ ఆటోనగర్ ఉక్కు సామ్రాజ్యాధిపతులు, మా అక్క అరుంధతికి దొరికిన ఏకైక మొగుడు శ్రీమాన్ రామకృష్ణారావు బావగారి సముఖానికి, దోహాలో కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్న బావమరిది విశాల్ వినయం బాగా తగ్గించుకుని రాసేది.

నిన్న ఫోన్లో మనం అరుచుకున్నాక అక్క తీర్పు చెప్పింది కదా. "ఇకమీదట ఇద్దరూ ఫోను ముట్టుకోవద్దు. ఏం ఏడ్చినా రాసి ఏడవండి. రాసేటప్పుడైనా సిగ్గేస్తుంది" అని. అందుకే ఈ మెయిలు. నాకింకా సిగ్గేయలేదు. మీరు కాగితం మీద రాస్తే అక్క ఫొటో తీసి పంపుతుందట. కోపంలో ఉన్నాను కాబట్టి 'మీరు' అంటున్నాను, మర్యాద అనుకోకండి.

మీ షెడ్డు నుంచి తుపాకీ కిట్టు చేరింది. మూతిలోంచి మందు దట్టించి పేల్చే పాతకాలపు తుపాకీకి అచ్చు నమూనా; పేలదు, గొట్టం లోపల పూర్తిగా మూసేసి ఉంటుంది; అలంకారానికి మాత్రమే; భాగాలు విడిగా వస్తాయి, కొన్నవారే బిగించుకోవాలి. ఇదంతా మీ కరపత్రంలో మీరే రాశారు. బిగించుకోవాలి అన్నారు గానీ బిగుస్తుంది అనలేదు. అది నా పొరపాటు.

బ్యారెల్‌ని కర్రలో పెట్టి వెనక్కి ఆనిస్తే, బ్యారెల్ కింద పిన్నులు దూరే చెవులు కర్రలోని రంధ్రాలకు అందడం లేదు. చెవులు రంధ్రాలకు సరిపెడితే వెనక అంగుళం సందు. ఆ సందులో మన పక్కింటి పిన్నిగారి వడియాలు ఎండబెట్టుకోవచ్చు.

మా యజమాని అబూ రాషిద్ గారి సంగతి మీరు మరిచిపోయి ఉంటారు కాబట్టి మళ్ళీ చెబుతాను. డిసెంబరు చివర్లో ఆయన చిన్న కొడుకు పెళ్ళి. ఇక్కడ పెళ్ళిళ్ళలో మగవాళ్ళు వరసగా నిలబడి కత్తులు, తుపాకులు ఎత్తి ఆడతారు, దాన్ని అర్దా అంటారు. ఆయన తాతగారు ఆటలో పట్టిన తుపాకీ ఇప్పుడు పెద్దన్నగారి మజ్లిస్‌లో, అంటే మగవాళ్ళ సావిట్లో, గాజు పెట్టెలో ఉంది. అన్నదమ్ములకు పడదు, అది బయటికి రాదు. అందుకని అదే పొడుగుతో ఇంకొకటి తన చేతులతో తానే బిగించి, కొడుకు పెళ్ళిలో ఎత్తి పట్టాలని ఆయన కోరిక. "మా బావ చేస్తాడు" అని ఛాతీ విరుచుకుని చెప్పిన గాడిద ఎవరో మీకు తెలుసు.

ఇది నచ్చితే, కొత్తగా కట్టిన హోటల్లో గదికొక తుపాకీ చొప్పున ఆర్డరిస్తానన్నాడాయన. ఆ ఆర్డరు రాకపోతే ఉగాదిలోపు షెడ్డు ఖాళీ చేసి పక్క షెడ్డులో సూపర్‌వైజరుగా చేరిపోతానని నాతో అన్నది మీరే. మరి లోపమున్న సరుకు ఏ ధైర్యంతో పంపారు?

కోపంతో,
విశాల్

తా.క. గోంగూర పచ్చడి చేరింది. అక్కకు నమస్కారాలు. మీకు లేవు.


ఆటోనగర్, విజయవాడ
9 నవంబరు

చి. విశాల్‌కు ఆశీస్సులు. మీ అక్క పక్కన నిలబడి పెట్టమంటే పెట్టాను.

నా సరుకులో లోపమా? ఆటోనగర్లో ఏ షెడ్డులోనైనా నిలబడి రామకృష్ణారావు పని ఎలాంటిదో అడుగు. నువ్వు మెకానికల్ ఇంజనీరింగు చదివిన సంగతి మీ నాన్నకు తెలుసు, నాకు తెలుసు, ఆ కాలేజీకే తెలియదు. మా పెళ్ళిలో పందిరి రాటకు మేకు కొట్టమంటే వేలి మీద కొట్టుకుని భోజనాల దాకా ఏడ్చిన మొహానివి, నాకు బిగింపు నేర్పుతావా?

బ్యారెల్ తిరగేసి పెట్టి ఉంటావు. నగిషీ ఉన్న వైపు ముందుకు రావాలి. నువ్వు అది వెనక్కి పెట్టి నన్ను తిడుతున్నావు.

[ఇక్కడ మీ బావ రాసిన రెండు లైన్లు నేను కొట్టేశాను. మన అమ్మ గురించి కాదులే, నీ గురించే. అక్క]

వానకు షెడ్డు పైరేకు కారుతోంది. లేత్ మిషన్ మీద గొడుగు కట్టి పని చేస్తున్నాం. ఈ పరిస్థితిలో నీ ఉత్తరం చదువుకోవాల్సి రావడం నా గ్రహచారం.

పచ్చడి డబ్బా మూత తీయగలిగావా, దానికీ ఎవరినైనా పిలిచావా?

రామకృష్ణారావు


దోహా
12 నవంబరు

శ్రీ గ్రహచారం బావగారికి,

నగిషీ ముందే ఉంది. అరబ్బీ అక్షరాల్లో ఆయన తాతగారి పేరు, బ్రహ్మాండంగా చెక్కారు. దాని వెనకాల జరిగిన ఘోరం గురించే నా ఏడుపు.

మా వర్క్‌షాపులో ఫిట్టరు మారుతి ఉన్నాడు, జగిత్యాల వాడు. టేపు పెట్టి కొలిచాడు. కొలిచి, నా మొహం చూసి, మళ్ళీ కొలిచాడు. "సార్, ముప్పై అయిదే ఉన్నది. మీ బావ ఒక్క ఇంచు మింగిండు" అన్నాడు. డ్రాయింగులో ముప్పై ఆరు అని రాసి పంపింది నేను. పెద్దన్నగారి మజ్లిస్‌లో వాళ్ళ గహ్వా కాఫీ తాగుతున్నట్టు నటిస్తూ, గాజు పెట్టె మీద టేపు వాల్చి, వాళ్ళ పనివాడు కళ్ళెర్రజేస్తుంటే కొలుచుకొచ్చిన ముప్పై ఆరు అది. ఆ అన్నదమ్ములుండే అల్ ఘర్రాఫాలో నా పరువుకు ఖరీదు కట్టి తెచ్చిన అంకె.

ఇనుము మిగుల్చుకున్నారా బావగారూ? అంగుళం ముక్క? దాన్నేం చేశారు, ఉంగరం చేయించుకున్నారా? నమూనాకే ఇలా చేస్తే హోటలు మొత్తానికి ఎంత మిగుల్చుకుందామనుకున్నారు? మీరు ఇలాంటి పని చేస్తారని అక్కను చేసుకునేటప్పుడు మాకు తెలియదు. తెలిస్తే పందిట్లో మిమ్మల్ని కూడా కొలిచేవాళ్ళం.

మా ముసలాయన అబూ రాషిద్ రోజూ అడుగుతున్నాడు. "యా విశాల్, మేరా బందూక్ కబ్ ఆయేగా?" కస్టమ్స్‌లో ఉంది బాబా అంటున్నాను. అది నా మంచం కింద ఉంది. ఉప్పుకాగితం, నూనె, గుడ్డ కొనుక్కుని ఎదురు చూస్తున్నాడు, కర్ర తానే నునుపు చేస్తాడట. నాకు తిండి సహించడం లేదు, గోంగూర తప్ప.

వెంటనే జవాబు రాయండి.

మీ అంగుళం తక్కువ బావమరిది,
విశాల్


విజయవాడ
16 నవంబరు

విశాల్,

ఆశీస్సులు లేవు. నన్ను దొంగ అన్నావు. ఇనుము దొంగ అన్నావు. మా నాన్న నన్ను అనని మాట.

బ్యారెల్ ముప్పై అయిదే. నేనే కోశాను. తెలిసే కోశాను. అది లోపం కాదు, నీకు చేసిన మేలు.

ఇంటికి ఆయం చూస్తారని విన్నావా, అది కూడా మీ కాలేజీలో చెప్పలేదా? నేను కొలతను ఎనిమిదితో భాగిస్తాను. శేషం ఒకటి మిగిలితే ధ్వజం. రెండు పొగ. మూడు సింహం. నాలుగు కుక్క. అయిదు వృషభం. ఆరు గాడిద. ఏడు ఏనుగు. ఏమీ మిగలకపోతే కాకి. బేసివన్నీ మంచివి, సరివన్నీ చెడ్డవి. పెద్దవాళ్ళు ఇంటికే చూశారు. నేను నా షెడ్డు నుంచి బయటికి వెళ్ళే ప్రతి ముక్కకూ చూస్తాను. చూడకుండా పంపిన సంవత్సరమే కదా మొదటి షెడ్డు పోయింది.

నీ ముప్పై ఆరుకు శేషం ఎంత? నాలుగు. కుక్క. కొడుకు పెళ్ళిలో పెద్దమనిషి కుక్క ఆయం పట్టుకుని ఆడతాడా? అంగుళం తీస్తే సింహం. తీశాను. నగిషీ పోకుండా వెనక వైపు తీశాను.

కర్రలో రంధ్రాలు కూడా అంగుళం జరపమని వడ్రంగికి చెప్పాను. వాడు పాత కొలతకే పెట్టి ప్యాక్ చేసేశాడు. లోపం అంటే అదీ, అది మాత్రం ఒప్పుకుంటాను. రంధ్రాలు కొత్తవి పెట్టుకో, ముందు మిగిలిన కర్ర కోసేసుకో. పావుగంట పని.

ఇంకోసారి ఇనుము మాట ఎత్తితే నీ ఉత్తరం చదవను.

రామకృష్ణారావు


దోహా
21 నవంబరు

సింహ పరాక్రమ బావగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను. రెండోసారి మారుతికి చదివి వినిపించాను, వాడు నవ్వాడు. మూడోసారి నాకు మండింది.

దొంగ అన్నందుకు క్షమాపణ. మీరు దొంగ కాదు. దొంగ అయితే బాగుండేది, దొంగతో బేరమాడొచ్చు.

ముందు మిగిలిన కర్ర కోసుకోమంటారా? తాతగారి తుపాకీ పొడుగు పోయాక ఇక మిగిలేదేమిటి, మీ సంతకమా? మారుతి అయితే "ఎంసీల్ పెట్టి నల్లరంగు కొడ్దాం సార్, అల్లాకి తప్ప ఎవ్వనికి తెల్వది" అన్నాడు. పెట్టి చూశాం. ఆరాక పుండు కట్టినట్టు ఉబ్బింది. చెక్కేసి, మా లేత్ మీద అంగుళం వెడల్పు ఇత్తడి రింగు తీయించి, వెనక సందులో కూర్చోబెట్టాను. చెవులు రంధ్రాలకు సరిపోయాయి. చూపుకి నగలాగే ఉంది.

నిన్న ముసలాయనకు అప్పగించాను. నేల మీద కూర్చుని, కర్రకు తానే ఉప్పుకాగితం రుద్దాడు. పిన్నులు తానే కొట్టుకున్నాడు. నూనె రాశాక వాసన చూసి, "మా తాత గది వాసన" అన్నాడు. రింగు మీద వేలు పెట్టి "ఏ క్యా హై?" అన్నాడు. "డిజైన్ బాబా" అన్నాను. ఆయన నమ్మాడు. ఆయన నమ్మినందుకు నాకు మీ మీద కోపం ఇంకా పెరిగింది.

ఇక ఈ విషయం ఎక్కడా ఎత్తకండి. ఆర్డరు వచ్చేట్టుంది.

విశాల్


విజయవాడ
24 నవంబరు

చి. విశాల్‌కు శుభాశీస్సులు. ఈసారి నేనే పెట్టాను.

చూశావా? సింహం ఊరికే పోదు. రింగు వేసి నా కొలతను చెడగొట్టావు గానీ ఇత్తడి వేరు, ఇనుము వేరు, ఆయం ఇనుముకే. చెల్లుతుంది.

ఒక్క మాట విను. దాచిపెట్టడమెందుకు? అంత మేలు చేసి దాచుకోవడమా? "మా బావ మీ తుపాకీని సింహాయంలో చేశాడు" అని ఆయనకు చెప్పు. పెద్దమనిషి సంతోషిస్తాడు. రేపు హోటలు సరుకంతా అదే లెక్కలో కావాలంటాడు. తప్పకుండా చెప్పు. చెప్పకపోతే నేనే మీ కంపెనీకి రాస్తాను, ఇంగ్లీషులో.

[నిజంగానే రాసేట్టున్నారు. డిక్షనరీ తీశారు. నువ్వే చెప్పెయ్ తమ్ముడూ. అక్క]

రామకృష్ణారావు


దోహా
27 నవంబరు

బావా,

'మీరు' అనే ఓపిక కూడా లేదు.

నిన్న ముషైరిబ్ ఆఫీసులో ఉంటే రమ్మని కబురొచ్చింది. అల్ ఘర్రాఫా వెళ్ళేసరికి ముసలాయన మజ్లిస్‌లో ఒక్కడే ఉన్నాడు. తుపాకీ ఒళ్ళో ఉంది, పక్కన దారం ఉంది. అన్నగారింటికి వెళ్ళి, ఇన్నేళ్ళ మౌనం విడిచి, సలాం చెప్పి, గాజు పెట్టె తెరిపించుకుని, తాతగారి బ్యారెల్‌కి దారం పెట్టి కొలిచి తెచ్చుకున్నాడట. పెళ్ళికి ముందు ఒకసారి పక్కపక్కన సరిచూసుకుందామని ముచ్చట. దారం ఇనుము దాటి రింగు మీదికొచ్చి ఆగింది.

"విశాల్, తుమ్ నాప్ కియా థా, కొలిచింది నువ్వే కదా. ఒక ఇంచి ఎక్కడికి పోయింది?" అని హిందీలో అడిగాడు. కోప్పడలేదు. నెమ్మదిగానే అడిగాడు. నేను వడ్రంగి మీద తోసేద్దామనుకున్నాను. అప్పుడు నీ సలహా గుర్తొచ్చింది. ఇంగ్లీషులో నువ్వు రాసే ఉత్తరం కళ్ళ ముందు కనపడింది. సరే, నేనే చెబితే నయం అనుకుని, మా వాళ్ళు లెక్క చూస్తారు బాబా, ముప్పై అయిదు సింహం అన్నాను.

"అసద్? సింహమా?" అని ముఖం కొంచెం విచ్చుకుంది. అక్కడితో ఆగి ఉంటే నేను ఇంజనీరుని ఎందుకవుతాను? "మరి ముప్పై ఆరు?" అన్నాడు. చెప్పాను.

"కల్బ్?"

"అది లెక్క మాత్రమే బాబా..."

"మా తాత తుపాకీ ముప్పై ఆరు. మా తాత తుపాకీ కుక్కా?"

ఆ తర్వాత ఆయన అరిచిన అరుపుకి వంటవాడు గహ్వా కుండతో సహా వెనక్కి వెళ్ళిపోయాడు. అది ఒక్కటే అయితే కాళ్ళు పట్టుకునేవాణ్ణి. అంతకంటే పెద్దది నాకు తట్టనే లేదు. నక్షత్రాలు, శేషాలు చూసి మంచి చెడ్డ తేల్చడం వాళ్ళ దీన్‌లో, అంటే మతంలో, హరామ్. "నా ఇంట్లో అదృష్టం లెక్కేసిన వస్తువు పెట్టావు. నా కొడుకు పెళ్ళిలో నేను దాన్ని ఎత్తి పట్టాలా?" అన్నాడు. పిన్నులు తీసి, బ్యారెల్ ఒక్కటి ఊడదీసి, గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు. కర్ర ఉంచుకున్నాడు. ఆ కర్ర తను రుద్దుకున్నది.

చివరి మాట: ముప్పై ఆరు అంగుళాల బ్యారెల్, ఎవరి లెక్కా లేకుండా చేసింది, పెళ్ళిలోపు వస్తే సరే. లేకపోతే హోటల్లో గోడలకు కేలండర్లు తగిలిస్తాడట.

చెప్పమన్నావు. చెప్పాను. సంతోషమా?

విశాల్


విజయవాడ
30 నవంబరు

ఒరేయ్,

సింహం అని చెప్పమన్నాను. కుక్క అని ఎవడు చెప్పమన్నాడు? అడిగితే మాత్రం? తెలియదు అనలేవా? పరీక్షల్లో అన్నిటికీ అదే రాశావు కదా!

నన్ను నవ్వులపాలు చేద్దామనే చెప్పావు. మీ మారుతితో కలిసి నవ్వినట్టే అక్కడా నవ్విద్దామనుకున్నావు, బెడిసికొట్టింది.

ముప్పై ఆరు నేను చేయను. ఆయన మతం ఆయనది, నేను వేలు పెట్టను. నా చెయ్యి నాది. తెలిసి తెలిసి కుక్కను చేసి పంపలేను. షెడ్డు పోతే పోనీ.

ఇంకో మాట. నువ్వు అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఆయన మంచి కోసం కోశాననుకున్నావా? ఆయనెవరో నాకు తెలుసా? ఆ తుపాకీని ఆ ఇంటికి మోసుకెళ్ళేది నువ్వు. నీ ఉద్యోగం ఆయన చేతిలో ఉంది. కుక్కను నీ చేతికి ఇవ్వడం ఇష్టం లేక కోశాను. ఇప్పుడు నవ్వుకో.

[పై నాలుగు లైన్లూ కొట్టెయ్యమన్నారు. కొట్టెయ్యలేదు. అక్క]

రామకృష్ణారావు


దోహా
2 డిసెంబరు

బావా,

నవ్వలేదు. తిట్టుకున్నాను. నీ ప్రేమ కూడా అంగుళం పక్కకే బిగుస్తుందేం?

నా మంచి కోరి నా కాళ్ళు నరికావు. దానికి దండం పెట్టమంటావా? నా చేతికి కుక్కను ఇవ్వలేనన్నావు. బాగుంది. మరి రేపు పక్క షెడ్డువాడు "రావుగారూ, టీ చెప్పండి" అంటుంటే నువ్వు లేచి వెళ్ళి టీ చెప్పడం, అది ఏ ఆయం? అక్క అది చూస్తూ ఇంట్లో కూర్చోవడం ఎన్ని అంగుళాలు?

ముసలాయన నన్ను ఉద్యోగంలోంచి తీయలేదు. పెళ్ళి పనులకు పరుగులు పెట్టిస్తున్నాడు. ఎదురుపడితే నా తల మీంచి గోడ చూస్తాడు. నాకు ఆ గోడ మీద ఈర్ష్యగా ఉంది.

నువ్వు చేయలేకపోతే ఇంకెవరిచేతనైనా చేయించు. నీ లేత్ మీదే కావాలి, ఇంకెక్కడా ఆ నగిషీ రాదు. ఇది నా ఆఖరి ఉత్తరం, మళ్ళీ కోపం వస్తే తప్ప.

విశాల్


విజయవాడ
8 డిసెంబరు

విశాల్,

బ్యారెల్ నిన్న కొరియర్లో వేశాం. అలంకార వస్తువు, గొట్టం మూసి ఉంది అని పత్రం పెట్టాం.

నేను చేయలేదు. నగిషీ మాత్రం నాది, అక్షరాలకు ఆయం లేదు. మిగతాదంతా మన ఖయ్యూమ్ చేశాడు. నా దగ్గర లేత్ మీద పదేళ్ళుగా ఉన్నాడు, నీకు తెలుసు, మా పెళ్ళిలో నీ వేలికి గుడ్డ కట్టింది వాడే. నీ డ్రాయింగు వాడికిచ్చి, "నాకు చూపించొద్దు, ఎప్పుడు కోస్తావో చెప్పొద్దు" అని బయటికి వచ్చేశాను. పక్క షెడ్డు ముందు నిలబడి ఎవరికో లారీ వెనక్కి పెట్టించాను. లోపల కోత చప్పుడు వినపడుతుంటే గట్టిగా "రానీ, రానీ" అని అరిచాను. లారీవాడు గోడకు గుద్దాడు.

నేను కొలవలేదు. ఈ షెడ్డు నుంచి కొలవకుండా వెళ్ళిన మొదటి సరుకు ఇది. టేపు చేతిలోకి తీసుకుంటే అంకె కనపడుతుంది, అంకె కనపడితే లెక్క వచ్చేస్తుంది, నా వల్ల కాదు. మీ యజమానికి కావలసింది అదే కదా, ఎవరూ లెక్క చూడకుండా చేసింది. ఇదిగో.

సరిపోయిందో లేదో నాకు రాయకు. అంకె అస్సలు రాయకు.

రామకృష్ణారావు


దోహా
14 డిసెంబరు

శ్రీ వృషభ వాహన బావగారికి,

మళ్ళీ కోపం వచ్చింది. మళ్ళీ 'మీరు'.

అంకె రాయొద్దన్నారు కాబట్టి పెద్ద అక్షరాల్లో రాస్తున్నాను: ముప్పై ఏడు. శేషం అయిదు. ఎద్దు! "నేను కొలవలేదు, లారీ వెనక్కి పెట్టించాను" అని కన్నీళ్ళు పెట్టించే ఉత్తరం రాసి, లోపల ఎద్దును ప్యాక్ చేస్తారా? నేనూ నమ్మాను. మారుతికి చదివి వినిపిస్తే వాడు కళ్ళు తుడుచుకున్నాడు. పెట్టె విప్పి టేపు పెట్టగానే, "సార్, మీ బావ మారడు" అని లేచి పోయిండు. చూడండి, మీ దెబ్బకు నాకు వాడి భాష వచ్చేస్తోంది.

పెళ్ళి ముంచుకొచ్చింది. ఇంకోటి చేయించే వ్యవధి లేదు. ఇంతకంటే పక్క షెడ్డులో టీలు చెప్పుకోవడమే మీకు ఇష్టమైతే ముందే చెప్పాల్సింది.

విశాల్


విజయవాడ
15 డిసెంబరు

తమ్ముడూ,

ఈసారి నేనే రాస్తున్నాను. నీ ఉత్తరం మీ బావకు చూపించలేదు.

ఆయన కొలవలేదు. నేను అక్కడే ఉన్నాను. లారీ గోడకు గుద్దిన మాట కూడా నిజం, గోడవాళ్ళు వచ్చి గొడవ చేసి వెళ్ళారు. ఖయ్యూమ్‌ని ఇప్పుడే అడిగాను. ఏమన్నాడో వాడి మాటల్లోనే రాస్తున్నా: "అమ్మా, ముప్పై ఆరు దగ్గర గీత గీశాను. సార్ బయట అరుస్తుంటే వినలేకపోయాను. నాకు ఆ లెక్కల మీద నమ్మకం లేదమ్మా, మా దాంట్లో అది లేదు. కానీ ఈ షెడ్డులో అది కోస్తే సార్ రేపట్నుంచి లేత్ దగ్గరికి రారు. అందుకే గీత ఉంచి, ఒక ఇంచి అవతల కోశాను. ఎక్కువ ఉంటే కోసుకోవచ్చు, తక్కువైతే అతికించలేం కదా. గీత మీద విశాల్ బాబుని కోసుకోమనండి."

గీత వెనక వైపు ఉందట, చూడు. మీ బావ నిద్రపోవడం లేదు. నువ్వు తిట్టే ముందు నాకొకసారి చెప్పి తిట్టు.

అరుంధతి


దోహా
28 డిసెంబరు

బావా,

కోపంగానే ఉన్నాను, అయినా 'నువ్వు' అనే రాస్తున్నాను. గీత ఉంది. జుట్టు మందాన, నిటారుగా. నేను నిన్నన్న మాటలన్నీ వెనక్కి తీసుకోవడం లేదు. సగం తీసుకుంటున్నాను, ఎద్దు వరకు.

బ్యారెల్, హ్యాక్సా పట్టుకుని అల్ ఘర్రాఫా వెళ్ళాను. అంతా చెప్పేశాను. నువ్వు బయట నిలబడడం, లారీ, ఖయ్యూమ్, గీత. చెప్తున్నంతసేపూ ముసలాయన గోడనే చూశాడు. "రానీ, రానీ" దగ్గర మాత్రం ఆయన గడ్డం కదిలింది. తర్వాత దారం తెచ్చి గీత మీద పెట్టాడు. వెంట్రుకవాసి తేడా లేదు. "ఈ ఖయ్యూమ్ ఎవరు?" అన్నాడు. మా బావ మనిషి అన్నాను. హ్యాక్సాకి చెయ్యి చాచాడు.

నేను పట్టుకున్నాను, ఆయన బిస్మిల్లా అని కోశాడు. సగానికి ఆయాసం వచ్చింది. నేను కోస్తానంటే "మాఫీ! కుదరదు, నువ్వు ముట్టుకోవద్దు. ముట్టుకుంటే మీ బావ ఏదో ఒక జంతువును పంపుతాడు" అన్నాడు. తెగిన అంగుళం ముక్క చేతిలో వేసుకుని, "ఇది మీ బావది. ఇచ్చెయ్" అన్నాడు. వచ్చేవాళ్ళతో పంపుతాను.

పెళ్ళయింది. వరసలో ఆయన పక్కన ఎవరు నిలబడ్డారో తెలుసా? పెద్దన్నగారు, గాజు పెట్టెలోంచి తాతగారి తుపాకీతో. రెండూ ఒకేసారి లేచాయి, ఒకే ఎత్తున. నేను వెనక కుర్చీలు సర్దుతూ చూశాను. బాగుంది. అంతకంటే రాయను, నీకు పొగరెక్కుతుంది.

ఇక ఆర్డరు. నిన్న పిలిచాడు. షెడ్డు ఖాళీ చేయక్కర్లేదు, అక్కకు ముందు ఈ ముక్క చదివి వినిపించు. బ్యారెల్స్ అన్నీ ముప్పై ఏడుకే పంపమన్నాడు, ముప్పై ఆరు దగ్గర ఖయ్యూమ్ గీతతో. మీ షెడ్డులో ఎవరూ కుక్కను చేయనక్కర్లేదు, ఆయన ఇంట్లోకి ఎవరి ఎద్దూ రానక్కర్లేదు. మరి ఇక్కడ కోసేదెవరు? "నువ్వే. అంకెలు చెప్పే నోరు నీదే కదా" అన్నాడు. హోటల్లో గదులు నలభై, బావా. ఇనుము. హ్యాక్సా. నేను ఇంజనీరింగు చదివింది ఇందుకు.

సంతకం పెట్టబోతూ "నలభై" అన్నాడు. నేను తల ఊపాను. ఊపుతుంటే లోపల ఏదో పాడు గొంతు, అచ్చం నీ గొంతు, ఎనిమిది అయిదులు నలభై అంది. శేషం ఏమీ లేదు, కాకి. నువ్వు ఆ అంకె చూసి షెడ్డు ముందు ఏ లారీ కింద పడతావో నాకు కనపడింది. "బాబా, రిసెప్షన్ గోడ బోసిగా ఉంటుంది. ఇంకొకటి వేద్దామా?" అన్నాను. ఆయన కళ్ళు చిన్నవి చేసి నన్ను చాలాసేపు చూశాడు. నలభైని కొట్టేసి నలభై ఒకటి రాశాడు.

ఆ నలభై ఒకటోది కూడా నేనే కొయ్యాలి. ఎందుకు అడిగావని ఒక్క మాట రాశావంటే చంపేస్తాను.

విశాల్